పోతపాలు: ఒక ఉపమానం మీద ఫిర్యాదు

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవ సభల్లో ఎవరో ఒకరు మైకు అందుకుని, మాతృభాష తల్లిపాల వంటిదనీ పరాయిభాష పోతపాల వంటిదనీ అంటారు. చప్పట్లు పడతాయి. నేనూ చాలాసార్లు కొట్టాను. రెండేళ్ల కిందట మాత్రం కొట్టలేకపోయాను. ఒళ్లో నాలుగు నెలల పిల్ల, సంచిలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు, పాలపొడి డబ్బా. వేదిక మీద ఆయన ఈసడించిన ఆ పోతపాలు కలుపుతున్నది నేనే.

నాది సిజేరియన్. మర్నాటి నుంచి గదిలోకి వచ్చిన ప్రతి మనిషిదీ ఒకటే ప్రశ్న: "పాలు పడ్డాయా?" కుట్లు ఎలా ఉన్నాయని అడిగినవాళ్లు లేరు. పిల్ల ఏడిస్తే చాలు, "ఆకలే అది, దీనికి పాలు చాలట్లేదు" అని తీర్పు. అమ్మ పాలసొర కూర పంపింది. అత్తయ్య వెల్లుల్లి కారం కలిపి ముద్దలు పెట్టింది. ఇద్దరిదీ ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమకి రోజూ ఫలితం చూపించాల్సింది నా ఒళ్లు. రెండో రాత్రి నర్సు సీసాతో వచ్చి, "మీరు పడుకోండమ్మా, మేం పట్టేస్తాం" అంది. డిశ్చార్జి కాగితంలో మందుల కింద పాలపొడి బ్రాండు పేరు రాసిచ్చారు.

అప్పుడు నాకెవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటి రెండు మూడు రోజులు ముర్రుపాలు చెంచాల లెక్కలోనే వస్తాయి. పుట్టిన బిడ్డ బుజ్జి పొట్టకి మామూలుగా అవి సరిపోతాయి. సిజేరియన్ అయితే పాలు దిగడం ఇంకాస్త ఆలస్యం కావచ్చు. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ ఆకలే కానక్కర్లేదు. అయిదో రోజు దాటాక రోజుకి ఆరుసార్లైనా ఉచ్చ పోస్తూ, రెండు వారాలకి పుట్టినప్పటి బరువుకి చేరితే పాలు అందుతున్నట్టే. అన్నిటికన్నా ముఖ్యం, బిడ్డ ఎంత తాగితే పాలు అంత ఊరతాయి. సీసాతో కడుపు నింపి పడుకోబెట్టిన ప్రతిసారీ నా ఒంటికి అందిన కబురు ఒకటే: పాలు అక్కర్లేదు.

గేదె చేపకపోతే ఊళ్లో ఏం చేస్తారు? దూడని విడుస్తారు, పొదుగు నిమురుతారు, కాసేపు ఓపిక పడతారు. బెదిరిన గేదె చేపదని పాలు పితికే ప్రతివాడికీ తెలుసు. నొప్పీ దిగులూ ఉంటే తల్లికీ అంతే. గేదెకిచ్చే ఆపాటి మర్యాద బాలింతకి ఎందుకివ్వరు?

ఆరో వారం టీకా కోసం బస్తీ దవాఖానాకి వెళ్తే, ఒక ఏఎన్ఎం అక్క పక్కన కూర్చుని పిల్ల తాగడం చూసింది. "మొనే పట్టుకుంటోందమ్మా, చుట్టూ నల్లభాగం కూడా నోట్లోకి పోవాలె" అని పిల్లని సర్ది చూపించింది. ఇరవై నిమిషాల పని. నలభై రోజులుగా ఎవరికీ దొరకని ఇరవై నిమిషాలు. అప్పటికి ఆలస్యమైంది. ఆ తర్వాత కూడా సగం నా పాలు, సగం డబ్బా పాలు.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. పాలపొడి ప్రచారాన్ని నిషేధించిన చట్టం 1992 నుంచీ ఉంది. 26 వారాల జీతపు సెలవు 2017లో వచ్చింది, మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి తప్ప. వీటి గురించి ఏ వేదికా మాట్లాడదు. గోడ మీద పోస్టరు మాత్రం తల్లిపాలే అమృతమని నా వైపే వేలు చూపిస్తుంది.

తల్లిపాలు గొప్పవి కావని నేను అనడం లేదు. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, ఉచ్చ తగ్గినా, బరువు పెరగకపోయినా వెంటనే డాక్టరుకి చూపించాలి, అవసరమైతే పోతపాలు పట్టాలి. థైరాయిడ్ వల్లో, కాన్పులో రక్తం బాగా పోవడం వల్లో నిజంగానే పాలు తక్కువయ్యేవాళ్లున్నారు. వాళ్లు చేసిన తప్పేంటి? ఆకలి తీర్చిన పాలని తిట్టుమాటగా వాడే హక్కు మీకెవరిచ్చారు?

కవులారా, ఉపన్యాసకులారా, భాష మీద ప్రేమ చెప్పుకోవడానికి ఇంకో పోలిక వెతుక్కోండి. మిగతావాళ్లకి చిన్న మనవి. బాలింతని చూడ్డానికి వెళ్తే పాలు పడ్డాయా అని అడక్కండి. తిన్నావా అని అడగండి. ఉచ్చగుడ్డలు మార్చి, ఆమెని గంటసేపు పడుకోనివ్వండి.

నా కూతురికిప్పుడు రెండేళ్లు దాటాయి. సగం పోతపాలతో పెరిగింది. రోజూ నాతో తెలుగులోనే పోట్లాడుతోంది.