ఫ్యాక్టరీ పెరుగుతున్నది, మన బిడ్డల సంగతేమిటి?



పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం జరిగింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే శక్తితో దానిని కట్టారు. 2019లో కార్లు అమ్మకానికి వచ్చాయి. కారు కంపెనీ అన్ని భాగాలనూ తానే చేసుకోదు. ఎన్నో భాగాలు వేరే ఫ్యాక్టరీల నుండి వేళకు అందాలి. అందుకే విడిభాగాల ఫ్యాక్టరీలు కూడా ఆ చుట్టుపక్కలకే వచ్చాయి. వాన కోసం ఆకాశం చూసే ఆ వేరుశనగ సీమలో నెల జీతం ఎంత ఆదరణో మనమెరుగుదుము. అందుకై దేవుని స్తుతించవలసినదే.

అయితే, విడిభాగాల ఫ్యాక్టరీ పెరుగుతున్నది, వందల ఉద్యోగాలు వస్తాయని పేపరులో పడగానే దళారులు కూడా ఊళ్లలోనికి వస్తారు. ఒక విశ్వాస కుటుంబం తల్లి మెడలోని గొలుసు కుదువపెట్టి అలాంటి వానికి డబ్బు కట్టింది. ఉద్యోగం రాలేదు, డబ్బూ రాలేదు. ఆ తల్లి కన్నీరు చూచిన తరువాత ఈ మాటలు వ్రాస్తున్నాము.

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు నేర్పించారు (లూకా 14:28). మనమూ బిడ్డను పంపే ముందు మూడు సంగతులు చూద్దాము.

మొదటిది, ఉద్యోగం కోసం ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు.

రెండవది, ఫ్యాక్టరీ పెరిగినంతగా పనివారు పెరగరు. చాలా పనులు యంత్రాలే చేస్తాయి. ఆ యంత్రాలను నడిపి, బాగుచేయగలవారికి విలువ. పదవ తరగతి అయిన బిడ్డను ఐటిఐలో ఫిట్టరుగానో, ఎలక్ట్రీషియనుగానో, వెల్డరుగానో చదివించండి. అప్రెంటిసుగా చేరితే నేర్చుకుంటూనే స్టైపెండు వస్తుంది. అయితే తరువాత ఉద్యోగం తప్పక ఇస్తారని అనుకోవద్దు.

మూడవది, పని పర్మనెంటా, కాంట్రాక్టా అని అడగండి. కాంట్రాక్టు అయినా పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కడుతున్నారో లేదో కనుక్కోండి. ఆడపిల్లలైతే హాస్టలు, రాత్రి షిఫ్టు బస్సు సంగతి కూడా విచారించండి.

సంఘ పెద్దలారా, చదువురాని తల్లిదండ్రులకు ఆ నియామక పత్రం చదివి వినిపించండి. అదీ పరిచర్యయే. విశ్వాసులలో పని పెట్టే యజమానులున్నారు. కూలివాని జీతం బిగబట్టితే ఆ మొర దేవుని చెవిని చేరుతుందని యాకోబు హెచ్చరించిన సంగతి (యాకోబు 5:4) మరువకండి.

మన బిడ్డల చేతిపనిని ప్రభువు దీవించును గాక!