మంద్రస్వరం, మరుగుపడిన పేర్లు

కొన్ని వాద్యాలకు పుట్టుకతోనే పెద్దరికం అబ్బుతుంది. వీణ ఒడిలో పెట్టుకొన్నవాని ముందు సభ తనంత తానే సద్దుమణుగుతుంది. వేణువును పెదవులకు ఆనించినవాని వంకకే అందరి కన్నులూ తిరుగుతాయి. పాశ్చాత్య గానబృందాలలో ఆ వైభవం గిటారుది. దాని పక్కనే, దానికంటె పొడవైన మెడతో, లావైన నాలుగే నాలుగు తీగలతో నిలబడి ఉండే బేస్ గిటారుకు మాత్రం అటువంటి భోగం పట్టలేదు. సామాన్యశ్రోత దానిని చూచి గిటారే అనుకొంటాడు; విని, డ్రమ్ముల మోతలో ఒక భాగమనుకొంటాడు. ఐనప్పటికీ దేశదేశాల యువతీయువకులు ఎందరో ఆ వాద్యాన్నే కోరి వరించి, వ్రేళ్ళు బొబ్బలెక్కేవరకు సాధన చేస్తున్నారు. దానిలోని ఆకర్షణ ఏమిటి?

ఈ ప్రశ్నకు తరచుగా వినవచ్చే సమాధానం ఒకటున్నది. బేస్ వాదకుడు స్వభావతః వినయశీలి అనీ, కీర్తికాంక్ష లేనివాడనీ, ఇంటి పునాదివలె కనుమరుగున ఉండి బరువు మోయటమే అతనికి ఆనందమనీ అంటారు. మాట సొంపుగానే ఉన్నది. కాని కొంచెం నిదానించి చూస్తే, ఇది పొగడ్త వేషం వేసుకొన్న అన్యాయం. బరువు మోయటం ఇష్టమైనవానికి మరుగున ఉండటం కూడా ఇష్టమేనని ఎవరు నిర్ణయించారు? మోసేవాడు నోరు విప్పడు గనుక అతనికి పేరక్కరలేదని పక్కవారు తీర్మానించుకోవటం లోకంలో కొత్త కాదు. బేస్ గిటారు చరిత్ర చదివినవారికి ఈ తీర్మానం ఎందరి కడుపు కొట్టిందో తెలియకపోదు.

ముందు ఆ వాద్యం చేసే పని ఏమిటో చూడాలి. గాయకుడు పైన షడ్జమం పట్టుకొని నిలిచాడనుకొందాం. బేస్ కూడా కింద షడ్జమమే మీటితే, ఆ స్వరం తన ఇంటిలో తాను కూర్చున్నట్లు నిశ్చింతగా ఉంటుంది. గాయకుడు కదలడు; బేస్ మాత్రం కింది ధైవతానికి దిగుతుంది. అంతే, అదే షడ్జమం ఇప్పుడు ఆ ధైవతానికి సాధారణగాంధారమై, ఎక్కడినుంచో వచ్చిన విషాదాన్ని పులుముకొంటుంది. బేస్ మధ్యమానికి జరిగితే, అదే స్వరం పంచమమై గంభీరంగా తల ఎత్తుతుంది. కర్ణాటక సంగీతంలో గ్రహభేదం ఎరిగినవారికి ఈ వింత బొత్తిగా కొత్తది కాదు. గాయకుని గొంతులో ఏ మార్పూ లేదు, గీతంలోని మాటా మారలేదు, అర్థం మారింది. మార్చినవాడు అడుగున ఉన్నాడు. శ్రోత కంట తడి పెట్టుకొని గాయకుణ్ణి మెచ్చుకొంటాడు.

దీనిని మన తంబురాతో పోల్చి ఊరుకొనేవారున్నారు. ఆ పోలిక సగమే నిజం. తంబురా కదలదు, కదలకపోవటమే దాని ధర్మం. బేస్ కదులుతుంది, కదలికతోనే గానాన్ని నడిపిస్తుంది. పైగా అది ఒక చేత్తో రాగం తాలూకు ఆధారాన్నీ, మరొక చేత్తో తాళాన్నీ పట్టుకొని ఉంటుంది. డ్రమ్ము వాయించేవానికి స్వరచింత లేదు. పాడేవానికి కొంత తాళం తప్పినా సరిదిద్దేవారున్నారు. ఈ రెండింటి నడుమ నిలిచినవానికి రెండు పూచీలూ తప్పవు. పద్యం చదివేవాడు గణాలు లెక్కపెట్టుకోడు, యతి ఎక్కడ పడిందో వెదకడు. ఐనా ఒక్కచోట యతి తప్పిందా, చెవి తొట్రుపడుతుంది. శ్రోతకు బేస్‌తో ఉన్న సంబంధం అటువంటిదే.

ఇక వినికిడి సంగతి. ఆ నాలుగు తీగలలో అన్నిటికంటె మంద్రమైనది సెకనుకు సుమారు 41 మార్లు కంపిస్తుంది. అంత తక్కువ కంపనాన్ని చెవి వినేలోపల రొమ్ము గుర్తిస్తుంది. నేల మీద కాళ్ళు ఆనించినవానికి అది పాదాలనుంచి పైకి ఎక్కుతుంది. ఆ తీగను మొదటిసారి స్వయంగా మీటి, గది గోడలు తనకు బదులు పలకటం తెలిసికొన్న కుర్రవాడు మళ్ళీ గిటారు వైపు చూడకపోవటంలో ఆశ్చర్యం లేదు. వినయం అనే గుణానికి ఆ క్షణంలో పనేమీ లేదు. అది అధికారం చవిచూచిన సంతోషం.

ఈ వాద్యానికి వయస్సు కూడా ఎక్కువ లేదు. పూర్వం ఆ పని చేసేది మనిషి ఎత్తున నిలబెట్టి వాయించే డబుల్ బేస్. దానిని మోసుకొని ఊరూరా తిరగటం ఒక యాతన. బాకాల హోరులో దాని గొంతు వినిపించకపోవటం మరొక యాతన. 1930ల నాడే సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ అనే ఆయన విద్యుత్తుతో పలికే చిన్న బేస్ ఒకటి తయారుచేశాడు గాని అది వ్యాప్తికి రాలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ తెచ్చిన బేస్ గిటారే లోకాన్ని గెలిచింది. ఫెండర్ రేడియోలు బాగుచేసే పనినుంచి వచ్చినవాడు. గిటారు వాయించటం అతనికి రాదు. వీణకువలె మెట్లు అమర్చినందువల్ల వ్రేలు పెట్టిన చోట స్వరం కచ్చితంగా పలుకుతుందని, దానికి ‘ప్రెసిషన్’ అని పేరు పెట్టాడు. సంగీతం చేతకాని మనిషి సంగీతాన్ని ఇంతగా మార్చటం చూస్తే, పాండిత్యం ఒక్కటే అన్నిటికీ మూలమని నమ్మేవారు కొంచెం ఆలోచించుకోవలసి వస్తుంది.

వాద్యం వచ్చింది గాని దానికి గౌరవం రాలేదు. బృందంలో గిటారు బాగా రానివానికి బేస్ అప్పగించటం ఆచారమైంది. బీటిల్స్ బృందంలో స్టూవర్ట్ సట్‌క్లిఫ్ 1961లో చిత్రలేఖనం కోసం హాంబర్గులో ఆగిపోయినప్పుడు, ఆ ఖాళీ పూరించటానికి మిగిలినవారెవరూ ముందుకు రాలేదు. చివరకు పాల్ మెకార్ట్‌నీ తల వంచాడు. అతనిది ఎడమచేతి వాటం. వయొలిన్ ఆకారంలో రెండు వైపులా సమంగా ఉన్న హోఫ్నర్ బేస్‌ను తిరగేసి పట్టినా వికారంగా ఉండదని దానిని కొన్నాడు. అయిష్టంగా ఒప్పుకొన్న ఆ పనిలోనే అతడు తరువాత ఎంత ఎత్తుకు ఎదిగాడో ఆ బృందం రికార్డులు విన్నవారికి చెప్పనక్కరలేదు. అయితే అతడు తనకు స్ఫూర్తినిచ్చినవారిలో ముందుగా చెప్పిన పేరు ఆ కాలపు శ్రోతలకు తెలియనిది: జేమ్స్ జేమర్సన్.

జేమర్సన్ 1936లో అమెరికాలో దక్షిణ కెరొలినా రాష్ట్రానికి చెందిన ఎడిస్టో ద్వీపంలో పుట్టిన నల్లజాతి బిడ్డ. 1954లో తల్లితో డెట్రాయిట్ నగరానికి వచ్చి, అక్కడి ఉన్నతపాఠశాలలో డబుల్ బేస్ అభ్యసించాడు. జాజ్ అతని మొదటి ప్రేమ. 1959లో బెర్రీ గార్డీ ఆ నగరంలోనే మోటౌన్ రికార్డు సంస్థను నెలకొల్పినప్పుడు జేమర్సన్ అక్కడి వాద్యకారులలో చేరాడు. వెస్ట్ గ్రాండ్ బూలెవార్డులోని ఒక మామూలు ఇంటిని స్టూడియోగా మార్చి, ఆ ఇరుకు గదిలోనే ఆ దశాబ్దపు జనప్రియ గీతాలలో సగం పుట్టాయా అన్నట్లు పని జరిపారు. అక్కడ అతడు ఫెండర్ బేస్ పట్టుకొని, కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే తీగలు మీటేవాడు. తోటివారు ఆ వ్రేలికి ‘కొక్కెం’ అని ముద్దుపేరు పెట్టారు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాడు.

ఒక వ్రేలు, నాలుగు పాత తీగలు! వాటితో అతడేమి చేశాడో తెలియాలంటే రెండు పాటలు పక్కపక్కన పెట్టుకొని వినాలి. 1964లో టెంప్టేషన్స్ బృందం పాడిన ‘మై గర్ల్’ బేస్‌తోనే ఆరంభమౌతుంది. గుండె కొట్టుకొన్నట్లు కొద్దిపాటి స్వరాలు, అంతకుమించి ఏమీ లేదు. పసివాడైనా వాయించగలడనిపిస్తుంది, తీసివేస్తే పాట కూలిపోతుంది. 1968 నాటి స్టీవీ వండర్ గీతం ‘ఫర్ వన్స్ ఇన్ మై లైఫ్’లో అదే మనిషి మరొక అవతారం ఎత్తాడు. చెప్పినమాట మళ్ళీ చెప్పడు. ఎక్కవలసిన మెట్టు దాటి పక్కమెట్టు తాకి వెనక్కి జారుతాడు. తాళానికి ఒక రవ్వ ముందో వెనుకో పడి, సరిగ్గా కలవవలసిన చోట కలుస్తాడు. ఇంత అల్లరి చేస్తూ గాయకుని మాట ఒక్కటీ మింగలేదు. ఎక్కడ మాట్లాడాలో తెలిసినవారు చాలామంది ఉంటారు. ఎంత మాట్లాడినా ఎదుటివాని మాటకు అడ్డురాకుండా ఉండటం మాత్రం బహు అరుదైన విద్య.

ఆ రికార్డులు లక్షలకొలదిగా అమ్ముడుపోయాయి. అట్టలమీద గాయకుల బొమ్మలున్నాయి, సంస్థ పేరున్నది. వాద్యకారుల పేర్లు లేవు. జేమర్సన్ పేరు ఒక ప్రముఖమైన మోటౌన్ రికార్డు అట్టపై మొదటిసారి అచ్చుపడటానికి 1971 దాకా ఆగవలసివచ్చింది. అది మార్విన్ గే సమకూర్చిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’. ఆ పాటకు జేమర్సన్ తప్ప మరొకడు పనికిరాడని గే అతనిని రాత్రివేళ వెదకి పట్టి తెచ్చాడనీ, తాగి ఉన్నందువల్ల కూర్చోలేక నేలమీద వెల్లకిలా పడుకొనే వాయించాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథను నమ్మినా నమ్మకపోయినా ఆ పాటను విన్నవారు వాదనలో తొట్రుపాటు చూపలేరు.

మరుసటి ఏడు సంస్థ లాస్ ఏంజిలిస్‌కు తరలిపోయింది. జేమర్సన్ కూడా వెళ్ళాడు గాని అక్కడి గాలి అతనికి పట్టలేదు. కొత్త తరహా తీగలు, కొత్త ధ్వని కావాలన్నారు. అతడు మారలేదు. పని తగ్గింది, మద్యం పెరిగింది. 1983 మార్చిలో మోటౌన్ ఇరవైయయిదేళ్ళ ఉత్సవాన్ని టెలివిజన్ కోసం చిత్రించినప్పుడు అతనికి ఆహ్వానం అందలేదనీ, టిక్కెట్టు కొనుక్కొని పై అంతస్తులో కూర్చుని తిలకించాడనీ చెబుతారు. అదే ఏడు ఆగస్టు 2న, 47వ ఏట కన్నుమూశాడు. ఆ పాటలన్నిటికీ ప్రాణం పోసిన ఫెండర్ బేస్‌ను అప్పటికే దొంగలెవరో ఎత్తుకుపోయారు.

బేస్ వాదకునికి పేరు అక్కరలేదని చెప్పేవారు ఆ పై అంతస్తు కుర్చీని ఒక్కసారి తలచుకొంటే బాగుండును. 1989లో అతని జీవితకథ, అతడు వాయించిన పంక్తుల స్వరలిపితో సహా పుస్తకంగా వెలువడింది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అతనిని గౌరవించింది. 2020లో ‘రోలింగ్ స్టోన్’ పత్రిక బేస్ వాదకుల వరుసలో అతనినే మొదట నిలిపింది. చనిపోయిన కవికి శాలువ కప్పే ఆచారం మన దేశంలోనే ఉన్నదని విచారపడేవారికి ఇది కొంత ఊరట.

మరుగును ఒప్పుకోనివారూ లేకపోలేదు. జాకో పస్టోరియస్ తన బేస్ గిటారు మెట్లు పెరికివేసి, మన గోటువాద్యంవలె మెట్లులేని వాద్యంగా మార్చుకొని, దానిచేత పాడించాడు. 1976లో వెలువడిన తన మొదటి రికార్డును, చార్లీ పార్కర్ పేర ప్రసిద్ధమైన ‘డోనా లీ’ని చేతిడోళ్ళ తోడుతో బేస్ ఒక్కదానిపై వాయించి ఆరంభించాడు. సాక్సఫోనుకే కష్టమనిపించే పరుగు అది. ఆనాటినుంచి బేస్ పట్టిన యువకులలో సగంమంది అతని వేగానికి దాసులయ్యారు. వేగం ఒంటబట్టినంత సులభంగా అతని గానగుణం ఒంటబట్టలేదన్నది వేరు మాట. అతని ముగింపూ దుఃఖమయమే. 1987లో ఒక క్లబ్బు ముంగిట తిన్న దెబ్బలతో 35 ఏళ్ళకే మరణించాడు.

కరోల్ కే దారి వేరు. ఆమె గిటారు వాదకురాలు. 1963లో ఒకనాడు స్టూడియోకు బేస్ వాదకుడు రాకపోతే ఆ వాద్యం చేతబట్టి, తరువాత లాస్ ఏంజిలిస్‌లో లెక్కకు మిక్కిలి రికార్డులకు వాయించింది. పురుషులతో నిండిన ఆ గదులలో ఆమె గడించిన గౌరవం పనివల్ల వచ్చినదే. 2025లో అదే హాల్ ఆఫ్ ఫేమ్ తనను ఎంచుకొన్నప్పుడు, తొంభైయేళ్ళ ఆ వృద్ధురాలు తనకు వద్దన్నది. ఆనాడు స్టూడియోలలో కలిసి శ్రమించిన వాద్యకారుల పనికి ఆ సత్కారం అద్దం పట్టటంలేదని ఆమె అభ్యంతరం. దీనిని అహంకారమన్నవారు ఉండవచ్చును. పిలవని ఉత్సవానికి టిక్కెట్టు కొనుక్కొన్నవాని కథ తెలిసినవారు అలా అనలేరు.

ఈ కథ సముద్రాల ఆవల నిలిచిపోయినది కాదు. 1980ల నాటి ఇళయరాజా పాటలను తెలుగువారు ఇంటింటా విన్నారు. వాటిలో గొంతుకూ వయొలిన్లకూ అడుగున, తనకొక సొంత రాగం ఉన్నట్లు నడచిపోయే బేస్‌ను కూడా విన్నారు, విన్నామని ఎరుగరు. ఆ బృందంలో బేస్ వాయించిన శశిధరన్ పేరు ఎందరికి తెలుసును? ఎ.ఆర్. రెహమాన్‌కు చిరకాలం తోడు నిలిచిన చెన్నై వాదకుడు కీత్ పీటర్స్ పేరు కొంత ఎక్కువమందికి తెలియటానికి కారణం ఒకటే: వాద్యకారుల పేర్లు అట్టపై అచ్చువేయించటం రెహమాన్ ఆనవాయితీగా పెట్టుకొన్నాడు. దానికి ఖర్చయినది రెండు మూడు పంక్తుల సిరా.

మన భాష సైతం ఈ విషయంలో కొంత పాపం మూటగట్టుకొన్నది. బుర్రకథలో కథకునికి రెండు వైపులా గుమ్మెటలు పట్టి నిలిచే వంతలు లేకపోతే కథ నాలుగడుగులు సాగదు. ఒకరు హాస్యం అందిస్తారు, ఒకరు లోకవ్యవహారం కలుపుతారు, ఇద్దరూ తాళం మోస్తారు. ఐనా ‘వంత పాడటం’ అంటే వాడుకలో ముఖస్తుతి అయి కూర్చున్నది. పక్కన నిలబడినవాడు సొంత బుద్ధి లేనివాడని నుడికారమే తీర్పు చెప్పిన తరువాత, పేరు అచ్చువేయని వ్యాపారిని మాత్రమే నిందించి ఏమి లాభం?

ఇప్పుడు బేస్ నేర్చుకొనే కుర్రవాళ్ళు జేమర్సన్ పంక్తులను పుస్తకంలో చూచి, రెండు వ్రేళ్ళతో, మెరిసే కొత్త తీగలమీద వాయించి, స్వరాలన్నీ సరిగ్గానే పడ్డాయి గదా, ఆ ధ్వని ఎందుకు రాలేదని తలలు పట్టుకొంటారు. వారిలో కొందరు కొంతకాలానికి పుస్తకం మూసి, రెండవ వ్రేలు మడిచి, ఒక్క చూపుడువ్రేలితో మళ్ళీ మొదటి పంక్తినుంచి మొదలుపెడతారు.