నేరకథలకూ ఒక పంచాయితీ కావాలి

నేరకథల కోసం ఏటా జరిగే పెద్ద సభల్లో ఒకటి బౌచర్‌కాన్. దానికి కోనన్ డాయిల్ పేరు పెట్టలేదు, అగథా క్రిస్టీ పేరూ పెట్టలేదు. పుస్తక సమీక్షలు రాసిన ఒకాయన పేరు పెట్టారు. ఆంథొనీ బౌచర్ సొంతంగా మిస్టరీ నవలలు రాశాడు, రేడియోకు షెర్లాక్ హోమ్స్ నాటకాలు రాశాడు, సైన్స్ ఫిక్షన్ పత్రికకు సంపాదకత్వం వహించాడు. 1948లో ఎల్లరీ క్వీన్ మిస్టరీ మ్యాగజీన్‌లో బోర్హెస్ కథను ఇంగ్లిష్ చేసి అచ్చువేయించిందీ ఆయనే. ఇన్ని చేసినా పాఠకులకు గుర్తుండిపోయింది మాత్రం న్యూయార్క్ టైమ్స్‌లో ఏళ్ల తరబడి ఆయన రాసిన క్రైమ్ నవలల సమీక్షలే. 1968లో ఆయన పోయాడు. రెండేళ్లకు కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో అభిమానులు ఆయన పేరిట తొలి సభ పెట్టారు. ‘సైకో’ నవల రాసిన రాబర్ట్ బ్లాక్ గౌరవ అతిథి. ‘కాలక్షేపం సరుకు’ అని పండితులు పక్కన పెట్టిన ఒక సాహిత్య శాఖ, తన పండగకు విమర్శకుడి పేరు పెట్టుకుంది. పొగడ్త కంటే తీర్పే తనకు అవసరమని అది ముందే గ్రహించిందన్నమాట. గౌరవం కావాలని మొరపెట్టుకుంటే రాదు. రాసేవాళ్లూ చదివేవాళ్లూ ఏటా ఎదురెదురుగా కూర్చుని లెక్క తేల్చుకుంటే వస్తుంది. గత 50 ఏళ్ల నేరకథల చరిత్ర చెబుతున్నది ఇదే.

ఆ సభ నడిచే తీరు చూడండి. ఏడాదికో ఊరు. ఆ ఊరి పుస్తకాభిమానులే జీతం లేని కార్యకర్తలై పనంతా నెత్తిన వేసుకుంటారు. గౌరవ అతిథుల సంగతి వదిలేస్తే, పాఠకుడిలాగే రచయిత కూడా రుసుము కట్టి లోపలికి రావాలి. హోటల్ హాల్లో పొడవాటి బల్ల వెనక నలుగురైదుగురు రచయితలు, వాళ్లను ప్రశ్నలతో నడిపించే మరో రచయిత. చివర్లో మైకు పాఠకుల చేతికి పోతుంది. ‘మీ మూడో నవల్లో హంతకుడి జాడ మాకు ముందే ఎందుకు ఇవ్వలేదు?’ అని ఎవరైనా లేచి అడిగితే, జవాబు చెప్పకుండా తప్పించుకునే దారి లేదు. ఆ తర్వాత అదే రచయిత పుస్తకాల గదిలో కూర్చుని, అడిగినవాళ్ల కాపీ మీదే సంతకం పెడతాడు. మన సభల్లో శాలువా కప్పించుకుని కారెక్కే రచయితకు ఈ ఎదురుప్రశ్న ఎన్నడూ తగలదు. 1986 నుంచి ఇస్తున్న ఆంథొనీ అవార్డులకు ఓటు వేసేదీ సభకు నమోదు చేసుకున్నవాళ్లే. ఇంకోపక్క మిస్టరీ రైటర్స్ ఆఫ్ అమెరికా 1946 నుంచి ఇస్తున్న ఎడ్గర్ అవార్డులు ఉన్నాయి. వాటిని తేల్చేది రచయితలతో కూడిన న్యాయనిర్ణేతల బృందం. ఒకటి తోటి పనివాళ్ల తీర్పు, ఒకటి చదువరుల తీర్పు. రెండూ పక్కపక్కనే ఉండడం వల్ల ఒకదాని లోపం ఇంకొకదాని వెలుగులో బయటపడుతుంది.

1986లో అదే జరిగింది. ఎడ్గర్ ఉత్తమ నవల జాబితాను 1972 నుంచి 1985 దాకా వరసగా చదవండి. 14 ఏళ్లు, 14 మంది విజేతలు, అందరూ మగవాళ్లే. అక్కడ ఇంగ్లండులో పి.డి. జేమ్స్, రూత్ రెండెల్ మంచి ఊపు మీద రాస్తున్న కాలం అది. మహిళలకు న్యాయం జరగడం లేదని సీనియర్ రచయిత్రి ఫిలిస్ విట్నీ సంఘానికి ఉత్తరం రాసింది. నవలల్లో ఆడవాళ్ల మీద హింసను చప్పరిస్తూ వర్ణించే ధోరణి పెరుగుతోందని సారా పారెట్‌స్కీ బాహాటంగానే తప్పుపట్టింది. ఆ ఏడాది అక్టోబరులో బాల్టిమోర్ బౌచర్‌కాన్‌కు వచ్చిన రచయిత్రులను పారెట్‌స్కీ ఒకచోట కూర్చోబెట్టింది. ‘సిస్టర్స్ ఇన్ క్రైమ్’ సంఘానికి అదే పునాది. వాళ్లు చేసిన మొదటి పనుల్లో ఒకటి నినాదం కాదు, లెక్క. ఏ పత్రిక ఎంతమంది మగవాళ్ల నవలలను సమీక్షిస్తోంది, ఎంతమంది ఆడవాళ్లవి సమీక్షిస్తోంది అని కూర్చుని లెక్కపెట్టారు. ఆ అంకెలు పట్టుకుని సంపాదకుల దగ్గరికి వెళ్లారు. ఇక ఆ సభలోనే మొట్టమొదటిసారి ఇచ్చిన ఆంథొనీ ఉత్తమ నవల అవార్డు ఎవరికి దక్కింది? స్యూ గ్రాఫ్టన్‌కు. న్యాయనిర్ణేతలూ కదలకపోలేదు: ఎల్.ఆర్. రైట్ అనే కెనడా రచయిత్రికి అదే ఏడాది ఎడ్గర్ ఇచ్చారు. 1993కు వచ్చేసరికి మార్గరెట్ మేరన్ నవల ఒక్కటే ఎడ్గర్, ఆంథొనీ, అగథా, మెకావిటీ అవార్డులు నాలుగూ గెలుచుకుంది. ఇదంతా ఒక్క సభ పుణ్యమని అనను. కానీ ఊరికొకరుగా, ఎవరి బల్ల ముందు వాళ్లు కూర్చుని రాసుకునే మనుషుల ఫిర్యాదు గోడకు చెప్పుకున్నట్టే ఉంటుంది. పదిమంది ఒకచోట కూడితే తప్ప, ‘నా ఒక్కదానికే జరిగిందా, అందరికీ జరుగుతోందా’ అన్నది తేలదు.

రచన ఒంటరి పని, సభలు బేరాల కోసమే అని వాదించేవాళ్లున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. 2006లో మొదలైన థ్రిల్లర్‌ఫెస్ట్‌లో కొత్త రచయితలు ఏజెంట్ల ముందు వరస కట్టి, తమ నవల సంగతిని నిమిషాల్లో చెప్పి మెప్పించే కార్యక్రమం ప్రత్యేకంగా ఉంది. సంత లక్షణం దాచుకుంటే దాగేది కాదు. అయితే బజారు లేని చోట రచయిత స్వేచ్ఛగా ఉంటాడనుకోవడం భ్రమ. అక్కడ అతనికి దిక్కు ఒక్క ప్రచురణకర్త దయ. పదిమంది ఏజెంట్లు, వందమంది రచయితలు ఒకే కప్పు కింద ఉంటే ఎవరికి ఎంత ముట్టుతోందో, ఏ ఒప్పందంలో ఏ షరతు ఉందో నోటి నుంచి నోటికి పాకుతుంది. ఇంకో అభ్యంతరం ఓటింగ్ మీద: హాల్లో ఎక్కువ స్నేహాలున్నవాడే గెలుస్తాడు గదా అని. గెలవచ్చు. అందుకే పాఠకుల ఓటు ఒక్కటే చాలదు, న్యాయనిర్ణేతల బృందం ఒక్కటే చాలదు. 14 ఏళ్ల మగ జాబితా తయారైంది నిపుణుల చేతుల్లోనే అని కూడా మరిచిపోకూడదు.

వీటికన్నా బరువైన ప్రశ్న ఒకటుంది. చావును వినోదం చేసుకుని, దానికి పండగలు కూడానా? నిజమైన హతుల కుటుంబాలున్న లోకంలో ఇది సబబేనా? దీనికి సమాధానం 2018లో జరిగిన ఒక వివాదంలో దొరుకుతుంది. మిస్టరీ రైటర్స్ ఆఫ్ అమెరికా తన అత్యున్నత గౌరవమైన గ్రాండ్ మాస్టర్ బిరుదును లిండా ఫెయిర్‌స్టీన్‌కు ప్రకటించింది. ఆమె నవలా రచయిత్రి కాకముందు నుంచీ న్యూయార్క్‌లో ప్రాసిక్యూటర్. 1989 సెంట్రల్ పార్క్ కేసులో ఐదుగురు కుర్రాళ్లకు శిక్ష పడింది. అసలు నేరస్థుడు ఒప్పుకుని, డీఎన్‌ఏ కూడా సరిపోవడంతో 2002లో ఆ శిక్షలను కోర్టు రద్దు చేసింది. ఆ కేసులో ఫెయిర్‌స్టీన్ పాత్రను ఎత్తిచూపుతూ రచయిత్రి అటికా లాక్, ఇతర సభ్యులు గట్టిగా నిలదీశారు. రెండు రోజుల్లో సంఘం ఆ గౌరవాన్ని వెనక్కి తీసుకుంది. ఆ నిర్ణయం తప్పని వాదించేవాళ్లూ ఉన్నారు, ఫెయిర్‌స్టీన్ కూడా తన వైపు వాదన వినిపించింది. ఎవరి పక్షం వహించినా ఒక్కటి ఒప్పుకోక తప్పదు. నేరాన్ని కథగా అమ్ముకునేవాళ్లు అసలు న్యాయం గురించి జవాబు చెప్పాలని అడిగింది బయటి నీతిమంతులు కాదు, సాటి రచయితలే. సంఘమంటూ ఉంది కాబట్టే అడగడానికి ఒక గుమ్మం దొరికింది.

ఖర్చు మాటకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. రైలు, విమానం, హోటల్, రుసుము కలిపితే చిన్న రచయిత జేబు తట్టుకోదు. బల్ల వెనక కనిపించే ముఖాలు చాలాకాలం తెల్లవే. వాల్టర్ మోస్లీ, కెల్లీ గ్యారెట్, జిజి పాండియన్ 2018లో ‘క్రైమ్ రైటర్స్ ఆఫ్ కలర్’ పెట్టింది ఆ లోటు చూసే. సభ ఉంటే చాలు అన్యాయం పోతుందని ఎవరూ అనలేరు. సభ ఉంటే అన్యాయం నలుగురి కళ్లా పడుతుంది. వాదన అంతవరకే.

ఇప్పుడు మన సంగతి. అపరాధ పరిశోధక నవలకు తెలుగులో పాఠకుల కరువు ఏనాడూ లేదు. 20వ శతాబ్దం తొలినాళ్లలోనే బెంగాలీ నుంచి పాంచ్‌కడీ దే నవలలు దిగుమతయ్యాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారారు. మధుబాబు షాడోకు, యండమూరి థ్రిల్లర్లకు జనం ఎగబడ్డారు. బాల్టిమోర్‌లో రచయిత్రులు కూడిన 1986లోనే ఇక్కడ మల్లాది ‘చంటబ్బాయ్’ జంధ్యాల చేతిలో సినిమా అయింది. మరీ విచిత్రమేమంటే, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్రే డిటెక్టివ్ నవలలూ రాశాడు. అయినా ఈ శాఖ చరిత్ర ఇప్పటికీ పాత పాఠకుల జ్ఞాపకాల మీదే బతుకుతోంది. ఇంగ్లిష్ నవలల నుంచి ఎత్తి తెలుగు పేర్లు తగిలించిన పుస్తకాలెన్ని, సొంత సరుకెంత అనే ప్రశ్నకూ ఇప్పటిదాకా గుసగుసలే తప్ప పద్దు లేదు. మూలం చదివిన పాఠకుడు మైకు పట్టుకుని ఎదురుగా నిలబడే సభ ఒకటుంటే, ‘ఫలానా నవలకు అనుసరణ’ అనే ఒక్క వాక్యం చాలా పుస్తకాల మొదటి పేజీలోకి ఎప్పుడో వచ్చి ఉండేది.

దీనికి కోట్లు అక్కర్లేదు. విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలకు జనం ఎలాగూ వస్తారు. అక్కడే రెండు పూటలు నేరకథలకు కేటాయించవచ్చు. రచయితలతోపాటు రిటైరైన పోలీసు అధికారిని, ఫోరెన్సిక్ డాక్టర్ని, క్రిమినల్ లాయర్ని బల్ల వెనక కూర్చోబెట్టవచ్చు. ఆ ఏడాది వచ్చిన నవలల జాబితా ముందే అచ్చువేసి, చదివినవాళ్ల చేత ఓటు వేయించవచ్చు. శాలువాల ఖర్చు మిగిల్చి, పాత నవలల పట్టిక తయారుచేసే కుర్రాళ్లకు ఇవ్వవచ్చు. మొదటి ఏడాది యాభైమందే రావచ్చు, గొడవలు కూడా జరగవచ్చు. జరగనివ్వండి. నలుగురూ నిలదీసి తిట్టే స్థాయికి వచ్చిన సాహిత్యాన్ని కాలక్షేపం సరుకని తీసిపారేయడం ఏ పండితుడికీ కుదరదు.