ఊడ్చేసిన కానుగ

కానుగ కాయలు రాలే రోజుల్లో మునిసిపాలిటీ వాళ్లు వాటిని ఎండుటాకులతో పాటు ఊడ్చి తగలబెడతారు. వాళ్లను అనడానికి నోరు రాదు. ఆ నీడలోనే బండి నిలుపుకునే మనలో ఎంతమందిమి ఒక్క కాయైనా ఒలిచి చూశాం?

తెలియక పోగొట్టుకున్నామంటే కొంత ఊరట. తెలిసే పోగొట్టుకున్నాం. గింజ బరువులో దాదాపు మూడోవంతు నూనె. అందులో ఎక్కువ భాగం ఒలియిక్ ఆమ్లమే, వేరుశనగ నూనెలో ఉన్నదే. తినడానికి పనికిరాకుండా చేసేవి కరంజిన్, పొంగమాల్ లాంటివి. వీటి రసాయన నిర్మాణం మీద రసాయన శాస్త్రవేత్త టి.ఆర్.శేషాద్రి బృందం 1940ల్లోనే వాల్తేరులో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే పనిచేసింది. మనం దాన్ని పరీక్షలకు చదివి ఊరుకున్నాం.

కరంజిన్ మట్టిలో అమ్మోనియా తొందరగా నైట్రేటుగా మారకుండా ఆపుతుంది. నత్రజని నీళ్లతో కొట్టుకుపోవడం తగ్గుతుంది. ఒకప్పుడు కానుగ రొట్ట మడిలో తొక్కేవాళ్లు, చెక్క చల్లేవాళ్లు. యూరియా బస్తా గుమ్మం దగ్గరికొచ్చాక హాయనుకున్నాం. అది తప్పని అనలేను, రొట్ట కొట్టి మోసినవాళ్ల నడుము నొప్పి నిజం. కానీ రెండూ కలిపి వాడదామని ఎందుకు అనుకోలేదు? 2015లో యూరియాకు ఇదే పని చేసే వేపనూనె పూత తప్పనిసరి చేస్తే, అదేదో కొత్త సంగతన్నట్టు విన్నాం.

ఆదిలాబాద్ అడవుల్లోని పవర్‌గూడలో ఆదివాసీ మహిళా సంఘాలు వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడ్పాటుతో కానుగ నూనె తీశాయి. డీజిలు బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడుకు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. ఆ వార్తకు మురిసిపోయాం, రాసినవాళ్లమూ చదివినవాళ్లమూ. ఆ తర్వాత గింజకు ధర గిడుతోందా, మర తిరుగుతోందా అని మాత్రం ఆరా తీయలేదు.

పైగా ఆ నూనెతో డీజిలు సరిగా రాదని తేల్చేశాం. అదీ పూర్తిగా అబద్ధం కాదు. గింజ చెమ్మలో నిలవుంటే నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. దాన్ని డీజిలుగా మార్చడానికి క్షారం కలిపితే సబ్బు కడుతుంది. అప్పుడు ముందు ఆమ్లంతో ఒక విడత శుద్ధి చేయాలి, ఖర్చు పెరుగుతుంది. గింజను ఆరబెట్టే కళ్లం, పొడి గోదాము, ఏటా కొనే ఒక దుకాణం ఉంటే ఆ ఖర్చులో చాలా భాగం తప్పేది. ఇలాంటి వాటికి శంకుస్థాపనలు జరగవు. మనమూ ఎవరినీ అడగలేదు.