ఫోను ఉంది సరే, గ్రామసభ ఏది?

చర్ల, దుమ్ముగూడెం వైపు పోడు చేసే అన్నలారా, అక్కలారా, ఒక్క మాట.

2005 నాటి శాటిలైట్ ఫొటోలో అక్కడ అడవే కనపడుతోంది, నీ పోడు దరఖాస్తు చెల్లదు అని ఎవరైనా అంటే తలూపి రాకండి. అటవీ హక్కుల చట్టం రూల్స్‌లో 2012లోనే చేర్చారు: శాటిలైట్ ఫొటో మిగతా సాక్ష్యాలకు తోడుగా పనికొస్తుందే గానీ వాటి బదులు చెల్లదు. ఊరి పెద్దోళ్లు చెప్పింది రాసుకున్న కాగితం కూడా సాక్ష్యమే. కాదంటే కారణం రాసివ్వాలి. 60 రోజుల్లో పై కమిటీకి పోవచ్చు.

అట్లని టెక్నాలజీ వద్దని నేననను. గుజరాత్‌లో నర్మదా జిల్లా సాగ్‌బారా, డేడియాపాడా వైపు ఆదివాసీ ఊళ్ల పిల్లలే జీపీఎస్ మిషన్ పట్టుకుని తమ పోడు కొలిచారు. మన పిల్లలు రీల్స్ చూసే ఫోన్‌లోనూ జీపీఎస్ ఉంది, దానికి టవర్ సిగ్నల్ కూడా అక్కర్లేదు. కొన్ని గజాలు అటూ ఇటూ చూపిస్తది, అయినా పర్వాలేదు. గట్టు వెంబడి నడిచి మూలమూలనా పాయింట్ రాసుకోండి. పక్క చేను వాళ్లనీ పిలవండి, రేపు తగాదా ఉండదు.

అదంతా గ్రామసభలో చదవాలి. సభకు సగం మంది రావాలి, వచ్చినోళ్లలో మూడో వంతు ఆడోళ్లు ఉండాలి. వాట్సాప్ గ్రూపులో వంద బొటనవేళ్లు పెట్టినా తీర్మానం అవ్వదు. తీర్మానం కాపీ ఒకటి ఇంట్లో పెట్టుకోండి, చెదలు పట్టకముందే ఫొటో తీసుకోండి.