గట్టుకడ నిలిచిపోయిన ప్రణాళిక

కర్మాగారము మూతపడినంతనే దాని కథ ముగిసినదని లోకము తలచును. పొగగొట్టము చల్లారును, కార్మికులు వేరు పనులు వెదకికొందురు, గేటునకు తాళము పడును. కాని అది విడిచిన మాలిన్యము నేలలో ఇంకి, వాననీటితో కలసి, ప్రక్కనున్న జలాశయములోనికి దిగుచునే యుండును. అట్టి నేలను మరల జనుల వాడుకలోనికి తెచ్చుట యెట్లన్న ప్రశ్నతో అమెరికాలోని సియాటిల్ నగరము అర్ధశతాబ్దికి పైగా పెనగులాడుచున్నది.

ఆ నగరము నడుమ యూనియన్ సరస్సు కలదు. దాని ఉత్తరపు గట్టున 1906లో గ్యాసు కర్మాగారము వెలసినది. బొగ్గును గాలి సోకని కొలుములలో కాచి, వెలువడు వాయువును గొట్టములద్వారా ఊరికి పంపెడివారు. 1937లో బొగ్గునకు మారుగా నూనెను వాడజొచ్చిరి. వాయువుతోపాటు తారు, బెంజీను, నాఫ్తలీను మొదలగునవియు పుట్టెడివి. అమ్ముడుపోయినది అమ్ముడుపోగా, మిగిలినది నేలకును నీటికిని దక్కెను. 1956లో దూరప్రాంతముల సహజవాయువు గొట్టములలో వచ్చుటతో ఆ కర్మాగారము ఆగిపోయినది. 1962లో నగరపాలక సంస్థ సుమారు 20 ఎకరముల ఆ స్థలమును ఉద్యానవనము కొరకు కొనెను.

ఆ కొనుగోలునకై పాటుపడినవారిలో ముఖ్యురాలు నగరసభ్యురాలు మిర్టిల్ ఎడ్వర్డ్స్. ఆమె 1969లో మరణింపగా, ఉద్యానవనమునకు ఆమె పేరే పెట్టవలెనని తలచిరి. ఇంతలో రూపకల్పన భారము వహించిన రిచర్డ్ హాగ్, తుప్పుపట్టిన ఆ ఇనుప గోపురములను పడగొట్టరాదని పట్టుపట్టెను. కుటుంబమువారు ఆ నమూనా చూచి, ఆమె పేరును ఉపసంహరించుకొనిరి. వారి బాధ అర్థము కానిది కాదు. ఏండ్ల తరబడి ఊరిమీద మసి కురిపించిన యంత్రములను స్మారకముగా నిలుపుట యేమి?

అయినను హాగ్ పక్షముననే న్యాయము హెచ్చుగా కానవచ్చుచున్నది. గోపురములు నిలిచినవి. బాయిలరు గృహము వనభోజనముల చావడియైనది. యంత్రశాల పిల్లల ఆటపట్టయినది. శిథిలములు, తవ్విన మట్టి కుప్పపోయగా ఒక గుట్ట లేచినది. 1975లో ఉద్యానవనము ప్రజలకు తెరచిరి. నేడు ఆ గుట్టపై గాలిపటము లెగురవేయువారిలో ఆ ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములవారును ఉందురు. గోపురములను చూచిన బిడ్డ ‘ఇక్కడ ఏముండెడిది?’ అని అడుగును. వట్టి పచ్చిక యున్నచో ఆ ప్రశ్నయే పుట్టదు. అడుగున నున్నదానిని పెద్దలును మరచిపోదురు.

నేలను శుభ్రపరచుటలోను హాగ్ కొత్త త్రోవయే త్రొక్కెను. మట్టినంతయు ఎత్తి వేరొకచోట పోయుట, ఒక ఊరి విషమును మరియొక ఊరికి బండి కట్టుటయే గదా! మురుగునీటి శుద్ధిలో మిగిలిన బురద మొదలగు సేంద్రియ పదార్థములను నేలలో కలిపి దున్నినచో, సూక్ష్మజీవులు నూనెను తినివేయునని ఆయన విశ్వాసము. పెంటయెరువు తోలి దుక్కి దున్ను రైతునకు ఈ పద్ధతి వింత గాదు. పచ్చిక మొలచినది, పైపొర కొంత బాగుపడినది. అయితే తారులోని జటిల పదార్థములు సూక్ష్మజీవులకు సులభముగా లొంగునవి కావు. లోతున నున్న తారు లోతుననే యుండెను. 1984లో పరీక్షల ఫలితములు చూచి నగరాధ్యక్షుడు ఉద్యానవనమును కొన్ని నెలలు మూయించెను. పిదప మంచి మట్టి కప్పిరి. భూగర్భజలములోనికి గాలి నూది బెంజీనును వెడలగొట్టు ఏర్పాటును చేసిరి. ఆయన విశ్వాసము కొంత మితిమీరినదని ఒప్పుకొనక తప్పదు. జీవించియున్న నేలను గూర్చి ఒకసారి పని చేసి చేతులు దులుపుకొనుట చెల్లదని ఆ మూత తెలిపినది.

ఇంతకు మించిన లోపము మరియొకటి కలదు. ఉద్యానవన ప్రణాళిక గట్టుకడ ఆగిపోయినది. పటము గీసినవారికి సరస్సు అందమైన దృశ్యమే గాని, కర్మాగారపు కుప్పతొట్టిగా తోచలేదు. తారునకు ఆ సరిహద్దు తెలియదు. అది ఒడ్డు దాటి అడుగుబురదలో పేరుకొన్నది. అందుచేతనే, నీటి యొడ్డున వెలసిన ఈ వనమున నీటిలోనికి దిగరాదని హెచ్చరిక పలకలు నాటవలసి వచ్చెను. 2013లో ఈ స్థలము జాతీయ చారిత్రక స్థలముల పట్టికలో చేరెను. సరస్సు అడుగును శుభ్రపరచు పని మాత్రము ముగియలేదు.

ఆ పని సులభమైనది కాదు. బురదను తవ్వితీసినచో, అణగియున్న విషము కలతపడి నీటిలో వ్యాపించును. మంచి ఇసుకతో కప్పినచో, ఆ కప్పును పడవల లంగరులనుండి, అలలనుండి కలకాలము కాపాడవలెను. ఖర్చు భారము నగరమునకును, గ్యాసు కంపెనీకి వారసత్వముగా వచ్చిన సంస్థకును సంబంధించినది. ఎక్కడ తవ్వవలెనో, ఎక్కడ కప్పవలెనో, రాష్ట్ర పర్యావరణ శాఖ పర్యవేక్షణలో తేలవలసియున్నది. అది తేలి పని ముగియువరకు, గుట్టపైనుండి దిగివచ్చు పిల్లలను తల్లిదండ్రులు నీటియంచున చేయిపట్టి ఆపవలసినదే.