పంటిలో బ్లీచింగు

మొన్న పంటి డాక్టరుగారి కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నాను. గుప్పున వాసన! మునిసిపాలిటీవారు కాలవల్లో చల్లే బ్లీచింగు పౌడరు గుర్తొచ్చింది.

"దానికి దగ్గర చుట్టమేనండీ, సోడియం హైపోక్లోరైట్" అన్నారాయన తాపీగా.

1915లో డేకిన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు యుద్ధంలో గాయాలు కడగడానికి నూటికి అరపాలు చొప్పున కలిపింది ఇదే. పంటి వేరులో క్రిముల్ని చంపి, చచ్చిన కండను కరిగిస్తుంది. చిక్కల్లా, కరిగించవలసిందేదో, కూడనిదేదో దానికి తెలియదు! పన్నులో డెంటీన్ అనే గట్టిభాగం తూకంలో నూటికి సుమారు 70 పాళ్ళు ఖనిజం, 20 పాళ్ళు కొల్లాజెన్ నారా అవీ, తక్కింది నీరు. నార కలిపిన సున్నపు గోడ అనుకోండి. హైపోక్లోరైట్ నారను తింటుంది. గోడకంటిన గీకుడు పొడి వదలడానికి పోసే ఇ.డి.టి.ఎ. కాల్షియాన్ని లాగేస్తుంది. నిమిషం ఉంచితే మేలు. ఎక్కువైతే గోడే మెత్తబడుతుంది.

ఇదివరకు ఇంకో పంటికి ఈ వైద్యమే చేయించుకుని, తొడుగు దండగని ఎగ్గొట్టాను. సంక్రాంతి చేగోడీకి అది నిలువునా చీలింది. ఆ నేరం మందు మీదికి తోయబోయాను.

"పుచ్చు తిన్నదీ, డ్రిల్లు తొలిచిందీ ముందు లెక్కండీ. మందు వాటా ఆ తరవాత" అన్నారు డాక్టరుగారు.

ఈసారి తొడుగెప్పుడని నేనే అడిగాను. గురువారమట. అందాకా మా ఆవిడ చేగోడీల డబ్బా అటకెక్కించింది.